చెక్క గోడకు అవతల

"ఇదిగో, ఇవాళ కూడా రాలింది," అంటూ అతను వంటింట్లో చెక్క గోడ మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, పిండిలాంటి పొడిని వేలికి అద్ది భార్యకు చూపించాడు. "పురుగు లోపల్నుంచి తినేస్తోంది. ఇల్లు అమ్మిన పెద్దమనిషి ఒక్క ముక్క చెబితే ఒట్టు."

ఇల్లు కొన్నారు గానీ ఇంకా సామాన్లు సర్దడమే పూర్తికాలేదు. వంటింటికీ అతని తండ్రి గదికీ మధ్య అడ్డంగా ఉన్నది ఆ చెక్క గోడ ఒక్కటే.

"మొత్తం ఊడబీకి తగలబెట్టిస్తా. ఇటుక గోడ కట్టించుకుందాం."

"వద్దండీ," అంది ఆమె, మోచేతి దాకా జారిన గాజుల్ని ముందుకు లాక్కుంటూ. "గోడ తీసేస్తే మామయ్యగారు మళ్లీ తిండి మానేస్తారు."

అతను వేలికంటిన పొడి దులుపుకున్నాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తకుండా ఉంటే బాగుండునని రోజూ అనుకుంటూనే ఉన్నాడు.

అతని తల్లికి చివరి రోజుల్లో మాట పడిపోయింది. ఏం కావాలన్నా మంచం పట్టె మీద వేలితో కొట్టేది. టక్ టక్, కాస్త ఆగి, టక్. ఎక్కడున్నా కోడలు పరుగెత్తుకొచ్చేది. తల్లి పోయాక తండ్రి కంచం ముట్టడం మానేశాడు. ఆ ఇంట్లోనే ఉంచితే మనిషి దక్కడని ఊరికి ఈ చివర ఈ ఇల్లు కొన్నారు. ఇక్కడికొచ్చినా అదే తంతు. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొచ్చేది. ఒక మధ్యాహ్నం చెక్క గోడలోంచి వినిపించింది. టక్ టక్, కాస్త ఆగి, టక్.

పడుకున్న తండ్రి లేచి కూర్చున్నాడు. చేతికర్రతో గోడమీద అలాగే తిరిగి కొట్టాడు. కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"మీ అమ్మ తినమంటోందిరా," అన్నాడు.

అప్పట్నుంచి ఏ పూటకా పూట అదే వరస. తండ్రి పక్కన కూర్చున్న కొడుక్కి మాత్రం ఆ చప్పుడు విన్నప్పుడల్లా గుండె ఝల్లుమనేది. వంటింట్లోకి వెళ్లి భార్యను అడిగితే, తలెత్తకుండా, "నాకూ వినిపించింది," అనేది. చదువుకున్నవాడు కదా, దయ్యాన్ని నమ్మడానికి మొహమాటం. అందుకని పురుగును నమ్ముకున్నాడు.

మర్నాడు పురుగుల మందు కొట్టే మనిషి వచ్చాడు. టార్చి వేసి గోడను రెండు వైపులా చూశాడు. స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా తట్టాడు.

"భయం లేదు సార్. ఇందులో పురుగు చచ్చి ఏళ్లయింది. ఈ బెజ్జాల అంచులు చూడండి, నల్లబడిపోయాయి."

"మరి ఈ పొడి?"

"పాతదే. గోడ అదిరినప్పుడల్లా రాలుతుంది. ఎవరైనా కొడుతున్నారా?"

"మా నాన్నగారు కొడతారు, ఆ గదిలోంచి."

"వంటింటి వైపు చెక్కమీద కూడా కొత్త నొక్కులున్నాయి సార్. ఎవరో ఇటునుంచీ కొడుతున్నారు." అతను పెట్టె మూసేశాడు. "మందు కొట్టమంటే కొడతాను. చచ్చినదాన్ని మళ్లీ చంపడానికి నాకేం నష్టం?"

ఆ మాటకి ఇంటాయనకు నవ్వు రాలేదు. నమ్ముకున్న పురుగు కాస్తా చేతులెత్తేసింది.

భోజనాల వేళకు, బజారుకెళ్తున్నానని చెప్పి వీధి తలుపు చప్పుడయ్యేలా వేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని పెరటివైపు నుంచి వచ్చి వంటింట్లోకి తొంగిచూశాడు.

అతని భార్య చెక్క గోడకు చెవి ఆనించి నేలమీద కూర్చుని ఉంది. పక్కన ఆమె కంచం, దానిమీద మూత. చేతిలో గరిటె. టక్ టక్, కాస్త ఆగి, టక్. అవతల్నుంచి చేతికర్ర బదులు పలికింది. ఆమె కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"నువ్వా?" అన్నాడు అతను.

ఆమె ఉలిక్కిపడి, మాట్లాడొద్దని చేత్తో సైగ చేసి అతన్ని పెరట్లోకి లాక్కెళ్లింది.

"ఓ రోజు అనుకోకుండా గరిటె గోడకు అదే వరసలో తగిలింది. మామయ్యగారు అత్తయ్య అనుకున్నారు. తిన్నారు. ఇక ఆపలేకపోయాను. మోసమనుకోండి, ఇంకేమన్నా అనుకోండి. మనిషి మిగిలారు కదా."

భయం పోయింది. దాని వెనకే ఏడుపొచ్చింది. అమ్మ మళ్లీ ఇంకోసారి పోయినట్టనిపించింది అతనికి.

"నువ్వు తిన్నావా?"

"ఇప్పుడు తింటాలెండి. మీరు మాత్రం మామయ్యగారికి చెప్పకండి. చెప్తే కంచం తోసేస్తారు."

"చెప్పను," అన్నాడు. అన్నాడే గానీ, కన్నతండ్రిని ఇలా మభ్యపెట్టడం మనసొప్పలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లగానే తండ్రి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"నాన్నా, నువ్వు ఏమనుకున్నా సరే. ఆ చప్పుడు అమ్మది కాదు."

"మెల్లగా మాట్లాడరా," అన్నాడు తండ్రి చెయ్యి తుడుచుకుంటూ. "కోడలికి వినిపిస్తుంది."



"నీకు తెలుసా?"

"మీ అమ్మతో ఇన్నేళ్లు కాపురం చేశాను. తన చేతి చప్పుడు నాకు తెలియదూ? మొదటిరోజే పోల్చుకున్నాను."

"పోనీలే, ఆకలేసి తింటున్నావు కదా."

"ఆకలా? ముద్ద గొంతు దిగదురా. నీళ్లు తాగి మింగుతున్నాను."

"మరి ఎందుకు నాన్నా ఈ నాటకం?"

తండ్రి చెక్క గోడ వైపు చేతికర్ర చూపించాడు.

"నేను తింటే గానీ ఆ పిల్ల తినడం లేదురా."