తెల్లగోడ ముందు

"నవ్వద్దు మదార్బీ! వీసా ఫోటోలో పండ్లు కనపడకూడదంట," ఫోన్ దించి విసుక్కున్నాడు డ్రైవర్ ఖాజా.

తెల్లగోడకు ఆనుకున్న పనిమనిషి మదార్బీకి నవ్వు ఆగడం లేదు. "సౌదీలో ఈ అల్ ఖోబర్‌కొచ్చి రెండేండ్లాయె అన్నా! ఖురూజ్ అని మేడమే చెప్పె, ఈ దేశం ఇడిసిపోయే వీసా. పులివెందులకు పోతాండా."

సోఫాలో మేడమూ కూతురూ సెలవులకు హాలెండ్‌లో ఫోటోలు దిగే చోట్లు ఎంచుకుంటున్నారు. గాలిమర, కాలువ వంతెన, చెక్కచెప్పుల అంగడి.

"అన్నిచోట్లా చంటోణ్ణి మదార్బీ పట్టుకుంటుంది," అంది మేడమ్ అరబ్బీలో.

ఖాజా గొంతు తగ్గించాడు. "ఫారం నేనే నింపినా మదార్బీ. ఆమె అనింది ఖురూజ్ ఔదా. అంటే పోయి మళ్ళా ఈడికే రావడం. నిన్ను హాలెండ్‌కు తీసకపోతాండారు, బిడ్డను ఎత్తుకునేకి."

"మా ఊరికి కాదా?"

ఖాజా మళ్ళీ ఫోన్ ఎత్తాడు. ఈసారి నవ్వద్దని చెప్పాల్సిన పని పడలేదు.