ఉచిత మిక్సీ

“మందుల షాపు సందులోకి ఎందుకు తిరిగావ్?”

ఆమె ఆ సందులో పది అడుగులు వేసిందో లేదో ఫోన్ మోగింది. మొగుడు. ఎక్కడో డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతూ కూడా, ఆమె ఎక్కడుందో తన ఫోన్లో చూసుకుంటాడు. అందులో ఆమె ఒక చుక్క. తలనొప్పి మాత్రకోసమని చెప్పింది. కొనుక్కుని తిన్నగా ఇంటికి తగలడమన్నాడు.

ఆ సందు దాటి రెండు స్టాపులు వెళ్తే అక్క ఇల్లు. ఎనిమిది నెలల కిందట అక్క ఒక్కసారి చూడ్డానికొచ్చింది. మంచినీళ్ళ వంకతో వంటింట్లోకొచ్చి, అతను కేకేసేదాకా చెల్లెలి దగ్గర నిలబడి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అతను అక్క నంబరు బ్లాక్ చేసేశాడు. నువ్వు ఆవిడ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. అన్నంత పనీ చేసే రకమే. ఆమె మోచెయ్యి ఒకసారి విరిగింది కూడా. అక్క దగ్గరికి వెళ్ళిపోవాలి, మళ్ళీ ఈ ఇంటి మొహం చూడకూడదు. ఆమెకున్న కోరికల్లా అదొక్కటే.

ఆ బాధలకు తోడు మెసేజీల గోల మొదలైంది. మీ పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి అని ఒకటి. ఆమె నొక్కింది. సాయంత్రానికల్లా కరెంటు తీసేస్తాం అని ఇంకొకటి. అదీ నొక్కింది. రాగానే ఆమె ఫోన్ తనిఖీ చెయ్యడం అతనికి అలవాటు కాబట్టి అన్నీ కంటబడ్డాయి.

మొదట చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. తెలియని నంబరైతే తెరవకు. తొందరపెట్టేవాడు దొంగ. ఊరికే ఇస్తానన్నవాడు గజదొంగ. లింకు నొక్కకు, అనుమానమొస్తే ఆ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కో. నిజం చెప్పాలంటే అన్నీ పనికొచ్చే మాటలే. ఆమె బుద్ధిగా తలూపింది. రెండోరోజు లాటరీ మెసేజ్ నొక్కింది.

“నీ బుర్రలో ఉన్నది మట్టా?” అన్నాడు.

“నిజమేమో అనుకున్నానండీ.”

చెంప వాయించాడు. ఆ నంబరు బ్లాక్ చేస్తే మర్నాడు ఇంకో నంబరు నుంచి వచ్చింది.

అసలు కొంప ముంచింది మిక్సీ. ఈ మెసేజ్‌ని యాభైమందికి పంపితే మిక్సీ ఉచితమట. ఫోన్లో అతను ఎక్కించిపెట్టిన నంబర్లన్నిటికీ పంపేసింది మహాతల్లి. స్కూలు యజమానికి, తోటి మాస్టర్లకి, ఆఖరికి అతని మేనత్తకి కూడా. మర్నాడు యజమాని అందరిముందూ, ఇంట్లో మిక్సీకి అంత కరువొచ్చిందా మాస్టారూ అని అడిగాడు. స్టీరింగు పట్టుకోవడం రానివాళ్ళు కూడా నవ్వారు. అతనికి తల తీసేసినట్టయింది.

అరికాలి మంట నెత్తికెక్కి ఇంటికొచ్చాడు. ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని బీరువాలో పడేసి తాళం వేశాడు. తను పిలిస్తే పలకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, బటన్ల ఫోన్ ఒకటి మంచం మీదికి విసిరాడు.

“నీ మొహానికి ఇదే ఎక్కువ. ఇప్పుడు నొక్కుకో, ఏం నొక్కుకుంటావో.”

ఆ ఫోన్ లేకపోతే తనకేం తోచదని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. ఆమె ఏడ్చినకొద్దీ అతనికి కడుపు చల్లబడింది.

మర్నాడు పదకొండింటికి స్కూలు నుంచి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగాడు. బట్టలు ఆరేస్తున్నానంది. సరేనని పెట్టేశాడు. బటన్ల ఫోన్‌కి చుక్క ఉండదన్న సంగతి అంత కోపంలో అతని బుర్రకు తట్టనేలేదు. ఆమె అప్పటికే బస్సు దిగి అక్క వీధిలో నడుస్తోంది.

తలుపు తట్టింది. ఫోన్ పట్టుకునే వచ్చి తలుపు తీసిన అక్క, చెల్లెల్ని లోపలికి లాక్కుని గడియ పెట్టి, సగం టైపు చేసిన ‘మీకు ఫ్రిజ్ బహుమతిగా వచ్చింది, ఇక్కడ నొక్కండి’ అన్న మెసేజ్‌ని చెరిపేసింది.