అరుపుకి తెరుచుకునే తలుపు

“గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, వాటిని కొని తెచ్చి మరీ తగిలించుకునేవాళ్ళని ఈ ఇంట్లోనే చూస్తున్నాను,” అంది అత్తగారు. పొద్దుట్నుంచి ఇదే గొడవ.

కోడలు స్టూలెక్కి, పడగ్గది తలుపు పైన నల్లపెట్టెకి స్క్రూ బిగిస్తోంది. కుడిచేతికి కట్టు. ఎడమచేత్తోనే తిప్పుతోంది.

“పోయినసారి ఏమైంది? కుక్కరు కూత వేస్తే తలుపు తెరుచుకుంది, గంట మోగింది. ఎదురింటాయన చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. బంగాళాదుంపలు ఉడికాయని చూపించి పంపాను.”

“సరిచేశాను అత్తయ్యా. ఇప్పుడు కుక్కరుకీ మనిషికీ తేడా తెలుసు దానికి.”

“మీ మావయ్యకి చచ్చేదాకా తెలియలేదు ఆ తేడా.”

బల్ల దగ్గర కూర్చున్న కొడుకు చిన్నగా నవ్వబోయి ఆగిపోయాడు. ఇంత ఉక్కలోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని, కూతురికి లెక్కలు చెబుతున్నాడు.

భార్యాభర్తలిద్దరిదీ ఒకటే పని. ఒక కంప్యూటరు చెప్పే కబురు ఇంకో కంప్యూటరుకి చేరవేసే సాఫ్ట్‌వేర్ రాయడం. కబురు చేరాక, దారి చివర ఒక ఆజ్ఞ నడుస్తుంది. ఆఫీసులో ఆ ఆజ్ఞతో ఫైళ్ళు కదులుతాయి, బిల్లులు అచ్చవుతాయి. ఆ పనే కోడలు ఇప్పుడు ఇంట్లో పెట్టింది. గదిలో అరుపో, ఏదైనా విరిగిన చప్పుడో వినిపిస్తే, పెట్టె ఎర్రగా వెలుగుతుంది. ఆజ్ఞ నడుస్తుంది. గది గడియ దానంతటదే తెరుచుకుంటుంది. గంట మోగుతుంది. నర్సుగా పనిచేసే ఆడపడుచుకి ఫోను వెళ్తుంది.

“కబుర్లు మోసే మీ పెద్దత్తలాంటిదన్నమాట,” అంది అత్తగారు. “ఇంటి గుట్టు వీధిన పెట్టడానికి ఇంత చదువు కావాలా?”

“ఇంకోసారి జరిగితే ప్రాణం మీదికొస్తుంది అత్తయ్యా.” కోడలు స్క్రూని ఇంకో చుట్టు తిప్పింది.

అత్తగారు తల తిప్పేసుకుంది. పడగ్గది గోడ మీద, అద్దం ఉండే చోట తెల్లటి చదరం కనిపించింది. అద్దం పోయిన వారమే పగిలింది. గాజుపెంకులు ఏరింది తనే. నెత్తురు తుడిచిందీ తనే.

“అందులో ఒక కంత ఉంది,” అన్నాడు కొడుకు, పుస్తకంలోంచి తలెత్తకుండా. “ఫోన్లోంచి వచ్చే కబురు, నడవాల్సిన ఆజ్ఞనే మార్చేయగలదు. గంట కొట్టమన్నచోట ఊరుకోమని చెప్పొచ్చు. మన పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు.”

“తర్వాత చూద్దాం,” అంది కోడలు.

సాయంత్రం పాలు పొంగిపోయాయి. ఎవరు చూసుకోలేదన్న దగ్గర మొదలైంది. మొగుడికీ పెళ్ళానికీ మాటకి మాట. పొయ్యి దగ్గర్నుంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి. తలుపు ధడేలుమంది. గడియ పడింది.

చిన్నది పుస్తకం వదిలేసి బల్ల కిందికి దూరింది. చెవులు మూసుకుంది. దానికది అలవాటే.

లోపల కుర్చీ పడింది. ఇస్త్రీపెట్టె తీగ గాలిని కోసిన చప్పుడు. ఒంటి మీద పడిన చప్పుడు. మళ్ళీ. మళ్ళీ.

తలుపు పైన పెట్టె ఎర్రగా వెలిగింది.

అత్తగారు పొద్దుట్నుంచి తిట్టిపోసిన పెట్టెకే మనసులో మొక్కుకుంది. మోగవే తల్లీ, మోగు.

ఎర్రదీపం రెండుసార్లు మిణుకుమంది. పచ్చగా మారిపోయింది. గడియ తెరుచుకోలేదు. గంట మోగలేదు.

లోపలినుంచే ఎవరో దాన్ని ఊరుకోమన్నారు.

“ఒరేయ్, తలుపు తియ్యరా!” రెండు చేతులతో బాదింది అత్తగారు. “నీకు దణ్ణం పెడతాను, తియ్యరా నాన్నా!”

ఇనుము ఎముక మీద పడ్డ చప్పుడు. అంతే. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. తలుపు కిందినుంచి సన్నటి ఎర్రటి గీత బయటికొచ్చి, ఆమె కాలివేలిని తాకింది.

గుట్టు, పరువు, అన్నీ మరిచిపోయి అత్తగారే కూతురికి ఫోను చేసింది.

ఆడపడుచు మందులసంచీతో వచ్చి, తలుపు తియ్యమని ఒక్కసారే అంది. తెరుచుకుంది. తను ఒక్కతే లోపలికి వెళ్ళి మళ్ళీ వేసుకుంది. చాలాసేపు కత్తెర చప్పుడు, నీళ్ళ చప్పుడు.

బయటికొచ్చేసరికి ఆమె పెదవులు బిగుసుకున్నాయి. “కుట్లు పడ్డాయి. నేనీసారి పోలీసులకి చెబుతానమ్మా.”

“వద్దే! బయట తెలిస్తే నీ తమ్ముడు ఆఫీసులో తలెత్తుకోగలడా?”

“తలుండాలిగా ఎత్తుకోవడానికి! ఎవరో ఒకరు ఈ గడప దాటాల్సిందే.”

కొడుకు వచ్చి గోడవారగా కూర్చున్నాడు. తువ్వాలు తలమీదుగా కప్పుకుని, ఎవరికీ మొహం చూపించకుండా. వెనకే కోడలు. చేతికట్టు మళ్ళీ తడిసింది. భుజాన బట్టలసంచీ.

“మరి ఆ పెట్టె ఎందుకు పలకలేదు? ఎవరు ఆపారు?” అంది ఆడపడుచు.

చిన్నది బల్ల కిందినుంచి పాక్కుంటూ వచ్చి తండ్రి ఒళ్ళో దూరింది.

కోడలు సంచీ గుమ్మం దగ్గర పెట్టింది. వేలిముద్రకి తెరుచుకునే వీధితలుపు తాళం దగ్గర తన ఫోను పట్టుకుని ఏదో నొక్కింది. తాళం కీచుమంది. ఆ ఫోను తెచ్చి భర్త పక్కన నేలమీద పెట్టింది.

“పిల్లని వదిలేసి పోతావుటే?” అంది అత్తగారు.

“చిన్నది వాళ్ళ నాన్న దగ్గరే ఉంటుంది,” అంది కోడలు, అందరికీ వినపడేలా, నెమ్మదిగా. “తాళంలోంచి నా వేలిముద్ర తీసేశాను అత్తయ్యా, ఆ పెట్టె నోరు నొక్కి మీ అబ్బాయిని కొట్టిన చెయ్యి మళ్ళీ ఈ తలుపు తెరవకూడదు.”