ఆర్లిన్ మూల

“ఒక్కరు తక్కువ!” అని అరిచింది మార్లిస్, బాస్కెట్‌బాల్ బుట్ట కింద నిలబడి. “ఒక్క మనిషి వస్తే చాలు, మన మూల నిలుస్తుంది!”

జిమ్‌లో ఉన్నవాళ్ళంతా వెర్లా వంక తిరిగారు. ఎటూ తేల్చుకోకుండా నడిమధ్యన మిగిలింది ఆవిడ ఒక్కతే మరి.

అయోవాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రోజున చీటీలూ డబ్బాలూ ఉండవు. బడి జిమ్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. ఎవరు కావాలో వాళ్ళ మూలకు నడిచి, ఊరంతా చూస్తుండగా నిలబడాలి. తగినంతమంది చేరని మూల చెదిరిపోతుంది. అక్కడివాళ్ళు తల వంచుకుని ఇంకో మూలకు పోవాలి. మొహమాటస్థులకు ఇంతకు మించిన శిక్ష లేదు.

మార్లిస్ మూల ప్రొఫెసరుది. యుద్ధాలు వద్దంటాడాయన, పేదకీ గొప్పకీ ఒకటే వైద్యం అంటాడు. చెప్పేవన్నీ నిజాలే, కాబట్టి గెలవడు. అవతలి మూల గవర్నరుది. ఈయన ఏదీ గట్టిగా చెప్పడు, కాబట్టి గెలుస్తాడు.

“ఇటొచ్చెయ్ వెర్లా!” గవర్నరు మూల నుంచి చెయ్యి ఊపాడు డ్వేన్. విత్తనాల కంపెనీ టోపీ, కింద ఎర్రటి ముక్కు. వెర్లా మొగుడు ఆర్లిన్‌కి చిన్ననాటి స్నేహితుడు. “ఎన్నాళ్ళని ఓడిపోతారే మీరు? విసుగు పుట్టదూ?”

“సిద్ధాంతానికి విసుగుండదు డ్వేన్!” అంది మార్లిస్.

“మూతపడ్డ మన ఆసుపత్రిని నీ సిద్ధాంతం తెరిపిస్తుందా? గెలిచినవాడు తెరిపిస్తాడు. ముందు గెలవనీ, ఆ తర్వాత నీ సిద్ధాంతానికి దండ వేద్దాం.”

గవర్నరు మూలంతా ఘొల్లుమంది. వెర్లా నవ్వలేదు. డ్వేన్ అన్నది ఆవిడ మనసులో మాటే. ఈ మాట ఆవిడ మనసులో నలభై ఏళ్ళుగా ఉంది. ఓడిపోయే మంచివాళ్ళను చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. చచ్చేలోగా ఒక్కసారైనా గెలిచేవాడి పక్కన నిలబడాలని ఉంది.

కానీ అది ఆర్లిన్ మూల.

పెళ్ళయిన మొదటి చలికాలం ఈ జిమ్‌లోనే, ఆ బుట్ట కిందే ఆర్లిన్ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మా ఆయన పక్షం ఇదన్నమాట అనుకుంది ఆవిడ. కొత్త పెళ్ళికూతురు, కాదని ఎలా అంటుంది? అప్పటినుంచి నాలుగేళ్ళకోసారి అదే మూల. ఫ్లాస్కు మూతలో చెరో గుక్క కాఫీ. ఓడిపోయాక ఇంటికి పోతూ దారిలో హోటల్లో ఆపిల్ పై, పంచదార చల్లిన తీపి రొట్టె. “పోనీలే, చెప్పాల్సింది చెప్పాంగా,” అనేవాడు ఆర్లిన్, తన ముక్కలో సగం ఆవిడ పళ్ళెంలోకి తోసి. ఊళ్ళో అందరూ ఓటమికి మొహం వేలాడేసుకుంటే వీళ్ళిద్దరూ మూతికి పంచదార అంటించుకుని ఇంటికి చేరేవారు. ఎంత బాగుండేవి ఆ ఓటములు!

మొన్న ఆకులు రాలే కాలంలో పోయాడు ఆర్లిన్. ఆయన లేకుండా ఈ జిమ్‌లో అడుగుపెట్టడం ఆవిడకు ఇదే మొదలు.

“టైమైపోతోంది. చివరి లెక్క!” అన్నాడు సభ నడిపే పెద్దమనిషి.

“వెర్లా, నీ ఇష్టం,” అంది మార్లిస్ మెల్లగా. “కానీ ఆర్లిన్ ఉండుంటే ఎక్కడ నిలబడేవాడో నీకు తెలుసు.”

ఆ మాటతో అయిపోయింది. వెర్లా ఒక్కసారి గవర్నరు మూలకేసి ఆశగా చూసింది. మిఠాయి దుకాణం ముందు నుంచి చెయ్యి పట్టి లాక్కుపోతున్న పిల్లలా ఇవతలికి తిరిగింది. నడిచి వెళ్ళి బుట్ట కింద నిలబడింది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మరీ నిలబడింది.

మార్లిస్ ఆవిడను వాటేసుకుంది. మూల నిలిచింది. పార్టీ పై సభకు ఈ ఊరు పంపే ప్రతినిధుల్లో గవర్నరుకు పోవలసిన ఒకరు ప్రొఫెసరుకు వచ్చారు. ఆసుపత్రి సంగతి దేవుడెరుగు, ఆర్లిన్ మాట మాత్రం దక్కిందనుకుని వెర్లా కళ్ళు తుడుచుకుంది.

అందరూ కోట్లు తొడుక్కుంటుంటే డ్వేన్ రెండు కప్పుల కాఫీతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

“కొంప ముంచావు కదే! నువ్వు ఈ జన్మకి మారవా?”

“నేను మారితే ఆర్లిన్ ఒంటరివాడైపోడూ?”

డ్వేన్ కప్పు దించి ఆవిడకేసి వింతగా చూశాడు.

“ఆర్లినా? వాడి మనసెప్పుడూ మా వైపే కదా!”

“ఏంటీ?”

“అదేంటి, నీకెప్పుడూ చెప్పలేదా? ప్రతిసారీ నా ట్రక్కులో కూర్చుని ఒకటే గోల. ‘ఒరే డ్వేన్, గెలిచేది నీ మనిషేరా, నీ పక్కన నిలబడాలనే ఉంది. కానీ మా వెర్లా సిద్ధాంతం మనిషి. దాన్ని ఒక్కదాన్నీ ఆ మూలన వదిలి ఎలా వస్తాను?’ అనేవాడు.”

“నా సిద్ధాంతమా!” అంది వెర్లా. “ఆయన పక్షం అది. ఆయన కోసమే నేను...”

“ఆ మూల ఎంచుకుంది నువ్వే కదే!” డ్వేన్ నవ్వాడు. “మొదటిసారి నేనక్కడే ఉన్నాగా. లోపలికి వస్తూనే ఎవరినీ అడక్కుండా, కోటైనా విప్పకుండా తిన్నగా పోయి ఈ బుట్ట కింద నిలబడ్డావు. ‘చూశావట్రా నా పెళ్ళాం ఎంత పట్టుదల మనిషో!’ అని మురిసిపోయి వాడు నీ వెనకే పరిగెత్తాడు.”

వెర్లాకి గుర్తొచ్చింది. గడ్డకట్టే చలిలో వచ్చిన ఆ మొదటి రోజు జిమ్ మొత్తానికీ పనిచేసే హీటరు ఆ మూలన ఒక్కటే ఉంది.