పసుపు చుక్క పళ్లేలు

దర్జీ ఆపరేషన్ మానుకుంటున్నాడట, ల్యాబులో పనిచేసే చెల్లెలు ద్రాక్ష తొక్కల్లోంచి గుండెకు మందు తీసిందట అని పక్కింటావిడ వీధి చివరిదాకా చెప్పేసింది.

అందులో సగం నిజం. మందు ఉంది. అది పనిచేస్తుందో లేదో ఈ ఉదయం తేలాలి. ఆపరేషన్ రేపు.

దర్జీ ల్యాబుకే వచ్చి కూర్చున్నాడు. ఒక కాలు ఊరికే ఆడుతోంది.

"రోజంతా కత్తెర పట్టుకునేవాడివి, నీకు కత్తంటే ఇంత హడలేంటన్నయ్యా?"

"బట్టకి నొప్పి తెలీదే."

"ఇవి పళ్లెంలో పెరిగే కణాలు. నీ గుండె సంగతి వేరు."

"రక్తనాళం లోపలి పొరవేనన్నావుగా. అవి తట్టుకుంటే నేనూ తట్టుకుంటా."

పన్నెండు గాజు పళ్లేలు, సగం మీద ఎర్ర చుక్క, సగం మీద పసుపు చుక్క. ఆరింటిలో యాంటీ ఆక్సిడెంట్ మందు. ఆపైన అన్నింట్లోనూ కణాలను కాల్చేసే పెరాక్సైడ్. ఏది ఎందులో ఉందో తెలిస్తే తన కన్నే తనను మోసం చేస్తుందని, పొయ్యడమంతా ల్యాబు సహాయకురాలు పెద్దమ్మకు అప్పగించింది చెల్లెలు. ఇరవై ఏళ్లుగా ఆ కణాలను సాకుతున్న మనిషి. ఏ చుక్క దేనికో రాసిన కాగితం అంటించిన కవరులో ఉంది.

ఇప్పటికి రెండుసార్లు అన్నీ చచ్చాయి. రెండోసారి చెల్లెలు మెట్లమీద కూలబడి ఏడ్చింది. పక్కన నిలబడ్డది పెద్దమ్మే.

చెల్లెలు మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది. ఎర్ర చుక్కవి ముడుచుకుపోయి, ఊడి తేలుతున్నాయి. పసుపు చుక్కవి పరిచిన బండల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిండుగా ఉన్నాయి. ఆరూ అంతే.

కవరు చింపింది. పసుపు అంటే మందు.

"అన్నయ్యా!"

దర్జీ అప్పటికే ఫోన్ చెవికి ఆనించాడు. ఆమె ఆపబోయి, ఆగిపోయింది.

"రేపు రావట్లేదండీ. అవునండీ, బాగా ఆలోచించే చెబుతున్నా. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయండి."

ఫోన్ జేబులో వేసుకుని, ఊపిరి వదిలి, నవ్వుతూ సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్న పెద్దమ్మ వైపు తిరిగాడు.

"ఇంతకీ పెద్దమ్మా, పాపం ఒక్కోదాంట్లో ఎంత విషం కుమ్మరించావేంటి?"

పెద్దమ్మ చేతులు తుడుచుకుంది.

"ఎర్రవాటికి చెప్పినంతా పోశా నాయనా, పసుపువాటికి మాత్రం చెయ్యి రాక వట్టి నీళ్లే పోశా."