తగు అప్రమత్తత

"స్పష్టంగా రాయడం ఎలా?" అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టాడు నరేంద్రబాబు.

ఎదురుగా పదిహేను మంది ఉద్యోగులు నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు.

నెల్లూరులోని ఆ ఆఫీసులో తుపాను హెచ్చరికలు రాసేది ఆయనే. ఆయన రాసిన కాగితం సముద్రం ఒడ్డున ఉన్న పాళేలకు పోతుంది. అక్కడ ఎవరో ఒకరు మైకులో చదువుతారు. ఫోన్లలో వంద మెసేజీలు వస్తుంటాయి గానీ, మైకు మోగితేనే పాళెం చెవి ఒగ్గేది.

మూడేళ్లుగా ఎన్ని గాలివానలు వచ్చినా పోలేరమ్మపాళెంలో ఒక్క ప్రాణం పోలేదు.

అదంతా తన కలం చలవేనని నరేంద్రబాబు నమ్మకం. పైవాళ్లు కూడా నమ్మి, ప్రశంసాపత్రం ఇచ్చి, ఈ క్లాసు ఒప్పజెప్పారు.

"కాయితాలు రాసే సారు ఎవురు నాయనా?"

తలుపు దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. అటెండరు అదిలించబోయాడు. నరేంద్రబాబు చెయ్యెత్తి ఆపాడు.

"ఏ ఊరు?"

"పోలేరమ్మపాళెం సార్. మీ కాయితం వస్తే మైకు కాడ కూర్చునేది నేనే."

వెతకబోయిన సాక్షి నడుచుకుంటూ వచ్చినందుకు ఆయన మొహం విప్పారింది.

"రామ్మా, రా. పేరేంటి?"

"ముసలమ్మ."

"వయసు అడగలేదమ్మా, పేరు."

"పేరే సార్."

క్లాసు గొల్లుమంది.

"సరే, మా హెచ్చరికలు ఎట్లా ఉంటాయో వీళ్లకు చెప్పు."

"పొడుగ్గా ఉంటాయి నాయనా."

నవ్వు ఈసారి ఆయన మీదికి తిరిగింది. ఆయన నవ్వలేదు.

"నా గొంతు పడిపోతా ఉండాది" అందామె. "రేపు సదువుకున్నోళ్లు ఎవురైనా మైకు పట్టుకుంటారు. వాళ్లు నువ్వు రాసిందే సదువుతారు గదా. అందుకని బస్సెక్కి వచ్చినా. సముద్రం బాగలేనప్పుడు పోవద్దని రాయి నాయనా. ఆ ఒక్క ముక్క చాలు."

"పోవద్దంటే అది ఆజ్ఞ అవుతుందమ్మా. రేపు గాలి రాకపోతే, మా వేట చెడగొట్టారని మీరే మా మీదికి వస్తారు."

"రాకపోతే ఒక పూట కూడు పోతాది. వస్తేనో?"

క్లాసులో ఒకరిద్దరు తలలూపారు. అది నరేంద్రబాబుకు కారం రాసినట్టుంది. బల్ల మీదున్న పాత హెచ్చరిక ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చదువు."

ఆమె కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది. పెదాలు కదిలాయి.

"చదవమ్మా. మైకు కాడ కూర్చునేదానివి గదా."

ఆమె కాగితాన్ని వెలుతురుకు పెట్టింది.

"తలకిందులుగా పట్టుకున్నావు."

క్లాసు పడీ పడీ నవ్వింది. ఒకాయనకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"అక్షరం ముక్క రాని మనిషా ఇన్నాళ్లూ నా హెచ్చరికలు చదివింది!"

ఆమె అక్కడ ఉండగానే పంచాయతీకి ఫోను చేశాడు.

"ఇకనుంచి గుమాస్తానే చదవాలి. రాసింది రాసినట్టు, ఒక్క మాట తగ్గడానికి వీల్లేదు. ఈమెను మైకు దరిదాపులకు రానిస్తే ఊరుకోను."

ముసలమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"పోవద్దని రాయి నాయనా. మరిచిపోబాక" అని వెళ్లిపోయింది.

"చూశారా? రాత ఎంత స్పష్టంగా ఉన్నా చదివేవాళ్లకు అర్హత ఉండాలి" అన్నాడు నరేంద్రబాబు. పదిహేను మందీ ఆ మాట రాసుకున్నారు.

పదకొండో రోజున అల్పపీడనం పట్టింది. నరేంద్రబాబు రాశాడు:

"బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం బలపడే అవకాశం ఉన్నందున, తీరప్రాంత మత్స్యకారులు వేట విషయమై తగు అప్రమత్తత వహించవలసిందిగా ఇందుమూలంగా తెలియజేయడమైనది."

గుమాస్తా చెంచయ్య మైకులో రెండుసార్లు చదివాడు. ఒక్క మాట తగ్గించలేదు.

పోలేరమ్మపాళెం నుంచి నాలుగు పడవలు వేటకు పోయాయి. మూడే తిరిగొచ్చాయి.

మూడో రోజుకు నరేంద్రబాబు జీపు ఇసుకలో ఆగింది. పాళెం పెద్ద హజరత్తయ్య సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. రాని పడవలో ఆయన కొడుకు ఉన్నాడు.

"హెచ్చరిక వినలేదా?" కసిరాడు నరేంద్రబాబు. పైనుంచి సంజాయిషీ అడిగారు మరి.

"ఇన్నాం సార్. జాగర్తగా ఉండమన్నారు, ఉండాం. కొత్త తాళ్లు ఏసుకున్నాం. డీజిల్ రెండింతలు పోసుకున్నాం. పడవకు ఒక మనిషిని ఎక్కువ ఎక్కించుకున్నాం."

"మూడేళ్లుగా నేను రాస్తున్నది ఇదే కదయ్యా! అప్పుడెవరూ వేటకు పోలేదే?"

"అప్పుడు మైకు కాడ ముసలమ్మ గదా సార్ ఉండింది."

"దానికి చదవడమే రాదు!"

"మాకు తెలుసు సార్. మీ ఆపీసు నించి కాయితం వచ్చిందంటే సముద్రం బాగలేదని, అంతవరకే ఆమెకు తెలుసు. కాయితం పక్కన పెట్టి, 'ఎవురూ పోబాకండి' అని గొంతు చీలిపోయేదాకా అరిచేది. మొన్న కూడా పడవలకు అడ్డం పడుకునింది. ఆపీసోళ్లే జాగర్తగా ఉంటే చాలంటా ఉంటే నువ్వెవురు ఆపేదానికి అని, నేనే రెక్క పట్టుకుని పక్కకు ఈడ్చినా."

హజరత్తయ్య సముద్రం మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఈ మూడేళ్లలో మీరు రాసింది మేం ఇన్నది ఇదే మొదటిసారి సార్."