నాలుగింటికి ఫైనల్

"పోయింది! మళ్ళీ పోయింది!"

ఆ కేకకి నాయనమ్మ చేతిలోని పత్రిక జారి కిందపడింది.

"ఏం పోయిందే తల్లీ, ప్రాణం పోయినట్టు అరుస్తావు?"

"నెట్టు పోయింది నాయనమ్మా! అంతకన్నా ప్రాణం పోయినా బాగుండు!"

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఎందుకంటారో వేరే చెప్పాలా? ఆన్‌లైన్ ఆటలో ఐదుగురి జట్టుకి ముందుండి దూకేది తనే. ఆ రోజు నాలుగింటికి గండుచీమల జట్టుతో ఫైనల్.

గత రెండు ఆటల్లోనూ సరిగ్గా గెలిచే వేళకి లైను తెగి, పిడుగు తెరమీద బొమ్మలా నిలబడిపోయింది. మూడోసారి కూడా అలాగే అయితే నీ చోట్లో ఇంకొకరిని తీసుకుంటామని జట్టు తేల్చి చెప్పేసింది.

ఉదయం నుంచి పదకొండు ఫోన్లు చేస్తే, రెండున్నరకి తలుపు తట్టాడు నెట్టు బాగుచేసే ఆయన. నెరిసిన గడ్డం, భుజాన సంచి, చేతిలో నిచ్చెన.

"ఇప్పుడా రావడం?" అంది పిడుగు.

"ఆలస్యమైందమ్మా. ఏమిటి ఇబ్బంది?"

"వీడియోలు బాగానే వస్తాయి. ఆట మాత్రం ఆగి ఆగి వస్తుంది. నేను మీట నొక్కేలోపు అవతలివాడు నన్ను చంపి, నా మీదుగా దాటుకుని వెళ్ళిపోతాడు."

"అంటే గొడవ స్పీడుతో కాదు, పింగ్‌తో, నువ్వు నొక్కింది అవతలికి చేరడానికి పట్టే ఆలస్యంతో. రోడ్డు వెడల్పుగానే ఉంది, మధ్యలో ఎవరో గేటు వేస్తున్నారు. రౌటర్ ఎక్కడుంది?"

పిడుగు బీరువా మీదకి చూపించింది. అక్కడ రౌటర్ కనబడలేదు. బోర్లించిన స్టీలు గిన్నె కనబడింది.

"నేనే బోర్లించాను," అంది నాయనమ్మ. "పగలనక రాత్రనక నన్ను చూసి కన్ను కొడుతుంటే ఎంతకని ఊరుకోను?"

ఆయన పకపకా నవ్వి, గిన్నె తీసి ఆవిడ చేతికిచ్చాడు. "కొట్టనివ్వండి మామ్మగారూ. దాని ఉద్యోగమే అది."

నాయనమ్మకి ఆయన అప్పుడే నచ్చేశాడు. పిడుగుకి నచ్చలేదు. అవతల ఫైనల్ పెట్టుకుని జోకులేమిటి?

ఆయన రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా కేబుల్ లాగాడు. పక్క గదిలో అన్నయ్య ఫోను ఏదో సినిమా దించుకుంటుంటే ఆపించాడు. రెండు వందలున్న పింగ్ నలభైకి దిగింది.

"చాలు, చాలు! మూడుంపావైంది. ఇక మీరు వెళ్ళండి, నేను ప్రాక్టీస్ చేసుకోవాలి."

"ఉండమ్మా. ఆ అంకె చూడు, నిమిషానికోసారి ఎగిరిపడుతోంది. ఇది మళ్ళీ తెగుతుంది."

ఆయన బల్ల కిందకి దూరాడు. జేబులో ఫోను మోగింది. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

"మీకు ఇంకెక్కడో పనున్నట్టుందే!" అంది పిడుగు వెటకారంగా.

"ఉందమ్మా. ఇదయ్యాక."

"ఇంతకీ ఎవరితోనే ఇవాళ నీ యుద్ధం?" నాయనమ్మ అడిగింది.

"గండుచీమలతో. వాళ్ళ కెప్టెన్‌ని గద్ద అంటారు. ఇవాళ వాడిని మట్టి కరిపించకపోతే నా పేరు పిడుగే కాదు!"

"కరిపించమ్మా," అన్నాడు ఆయన బల్ల కింద నుంచి. "లైను బాగుండి గెలిస్తేనే అది గెలుపు."

"ఆటల సంగతి మీకేం తెలుసండీ? మీరు వైరు చూసుకోండి."

"ఏమే, పెద్దాయనతో ఆ మాటలేమిటి!" నాయనమ్మ కసిరింది.

ఆయన బల్ల కింద నుంచి లేచాడు. నిచ్చెన తీసుకుని బయటికి వెళ్ళి గోడమీది పెట్టె తెరిచాడు. లోపల జాయింటుకి చిలుం పట్టింది. పైన ఇంకో టేపు చుట్టి దిగిపోవచ్చు. ఇంతకుముందు వచ్చిన ముగ్గురూ చేసింది అదే. ఆయన ఆ టేపులన్నీ పీకేసి, చిలుం పట్టిన ముక్క కోసేసి, కొత్త జాయింటు వేసి దిగేసరికి నాలుగవడానికి ఐదు నిమిషాలుంది.

పింగ్ పద్దెనిమిది. గీత గీసినట్టు పద్దెనిమిది!

"నీళ్ళైనా తాగి వెళ్ళు నాయనా."

"ఇంకోసారి మామ్మగారూ!" ఆయన అప్పటికే మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు.

పిడుగు తల కూడా తిప్పలేదు.

నాలుగైంది. అవతలి జట్టులో నలుగురే ఉన్నారు. కెప్టెన్ దారిలో ఉన్నాడట. రూలు ప్రకారం ఐదు నిమిషాలు చూసి ఆట మొదలుపెట్టేశారు.

"గద్ద ఎగిరిపోయిందర్రా!" అని పిడుగు జట్టు ఒకటే నవ్వు.

నలుగురైనా గండుచీమలు గండుచీమలే. చెమటలు పట్టించారు. చివరి రౌండుకి ఇటు పిడుగు ఒక్కతే మిగిలింది, అటు ఇద్దరు. నాయనమ్మ తెర దగ్గరికి జరిగింది. లైను తెగలేదు. మీట నొక్కిన క్షణానే తూటా వెళ్ళింది. ఒకడు పడ్డాడు. వెనక్కి తిరిగి రెండోవాణ్ణి కూడా పడగొట్టింది!

ఇంక ఆ ఇంట్లో ఎవరూ నేలమీద లేరు. అన్నయ్య ఈలలు. నాయనమ్మ ముద్దులు. హెడ్‌ఫోన్‌లో జట్టంతా ఒకటే గోల, "నీ చోటు నీదే పిడుగూ, ఎవడికీ ఇవ్వం!"

ఆట అయ్యాక రెండు జట్లూ ఒకేచోట కలిసి మాట్లాడుకుంటాయి. గండుచీమల్లో ఒకడు అన్నాడు, "మా కెప్టెన్ రోడ్డు పక్కన ఆగి ఫోన్‌లోంచి కలిశాడు. మీతో మాట్లాడతాడట."

"రమ్మను, రమ్మను! ఏం సాకు చెప్తాడో విందాం!" అంది పిడుగు నవ్వుతూ.

గద్ద అనే పేరు పక్కన మైకు వెలిగింది, గంట క్రితం బల్ల కింద నుంచి ఆమెకి వినిపించిన గొంతే రొప్పుతూ అడిగింది, "బాగా ఆడావట కదమ్మా, లైను ఎక్కడా తెగలేదు కదా?"